విజయరాణి గారి ఆయా

మానవజాతి చరిత్రలో తల్లులు రెండు రకాలు. ఒకటి అమ్మ, రెండు మమ్మీ. అమ్మ సృష్టి మొదలైననాటి నుంచీ ఉంది. మమ్మీ మాత్రం వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై నాలుగో సంవత్సరం వేసవికాలంలో, అమీర్‌పేట మార్కెట్ వెనక సందులో, రెండు గదుల పోర్షన్‌లో అవతరించింది. ఆ అవతారం పేరు విజయరాణి!

అంతకు ముందు రోజు దాకా ఆమె కూతురు హరిప్రియ ఆమెను అమ్మా అనే పిలిచేది. తెల్లారేసరికి హరిప్రియ పింకీ అయిపోయింది, అమ్మ మమ్మీ అయిపోయింది, పంజాగుట్టలో ఒక టైలర్ షాపులో కటింగ్ మాస్టరుగా పనిచేస్తున్న ఆనందం డాడీ అయిపోయాడు. పాపం, ఆనందానికి ఈ సంగతి మూడు రోజుల దాకా తెలియదు. పిల్ల డాడీ డాడీ అని పిలుస్తుంటే ఎవరో ఇంటికొచ్చారనుకుని చొక్కా తొడుక్కునేవాడు.

పిల్లల పెంపకం ఒక శాస్త్రమని విజయరాణి గట్టి నమ్మకం. పిల్లల్ని కొట్టకూడదు. బూచోడు వస్తాడని బెదిరించకూడదు. గడియారం చూసి తిండి పెట్టాలి. ఈ సంగతులన్నీ ఆమె వారపత్రికల్లో చదివి, నల్లా దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకు ఉచితంగా బోధించేది. పక్క పోర్షన్ ఫఖ్రున్నీసా అయితే నోరు తెరుచుకుని వినేది. విజయరాణి అక్కడ బోధిస్తుంటే, ఇక్కడ అన్నం గిన్నె పట్టుకుని పింకీ వెనక మంచం చుట్టూ తిరిగేది ఎవరంటే పోశవ్వ.

పోశవ్వ విజయరాణి కన్నతల్లి. నేతపనివాళ్ళ ఊరు. దసరాకు నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. పిల్లకు దగ్గు తగ్గాక పొమ్మంది బిడ్డ. దగ్గు తగ్గింది, జలుబు వచ్చింది. జలుబు తగ్గింది, ఎండలు ముదిరాయి. పిల్ల స్నానం, తిండి, నిద్ర, అలక, అన్నీ పోశవ్వ చూసేది. పెంపకం మాత్రం విజయరాణి చూసేది.

ఇలా ఉండగా పింకీకి కాన్వెంట్ సీటు అవసరం పడింది. పంజాగుట్టలో సెయింట్ రోజీ కాన్వెంట్ అని ఒకటుంది. రోజీ అనే సెయింటు ఏ లోకంలోనూ లేదు. ఆ మేడలో అంతకు ముందు రోజీ సోడా ఫ్యాక్టరీ ఉండేది. యజమాని రాఘవయ్య గారు పొదుపరి. బోర్డు మీద రోజీని అలాగే ఉంచి, ముందొక మాట, వెనకొక మాట రాయించారు. కానీ ఆ బడిలో సీటు దొరకడమంటే మాటలా! పిల్లకు కాదు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ. ఇంటి హోదా చూస్తారట.

"దేఖో విజయా, జర సోంచాయించు," అంది ఫఖ్రున్నీసా గొంతు తగ్గించి. "బ్యాంకుల పని చేస్తడు చూడు, అచ్యుతరావు సాబ్, ఆయన పెద్ద బిడ్డకు పోయిన సాలు సీటు ఎట్ల దొరికింది? ఆయా! ఒక ముసలి ఆయా నీళ్ళ సీసా పట్టుకొని ఎనక ఎనకనే నడిచింది. మేడమ్ చూసింది, సీటు ఇచ్చేసింది. బస్!"

ఆయాను ఎక్కడ తేవాలి? విజయరాణి ఇంట్లో కూచుని ఆలోచించింది. ఎదురుగా పోశవ్వ గోచి చీర బిగించి, పింకీకి తల దువ్వుతోంది. కాళ్ళకు వెండి కడియాలు, చేతులకు పచ్చబొట్లు. ఈ అమ్మమ్మను కాన్వెంటుకు తీసుకుపోతే హోదా గోవిందా! వదిలేసి పోదామంటే, అమ్మమ్మ లేనిదే పింకీ గడప దాటదు. విజయరాణి మెదడులో దీపం వెలిగింది.

"అవ్వా, రేపు నువ్వు సుత బడికి రావాలె. ఎవరన్న అడిగితే నేను ఆయాను అని చెప్పు."

"ఆయా అంటే ఏందే?"

"పిల్లలను పట్టుకునేది. తానం పోసేది, బువ్వ తినిపించేది."

"నేను గదే చేస్తున్న గద!"

"అందుకే అంటున్న. అబద్ధం సుత కాదు!" అంది విజయరాణి. తన తెలివికి తానే మురిసిపోయింది. "నన్ను బిడ్డా అనకు. మేడమ్ అను."

ఆనందం కత్తెర పక్కన పెట్టి అన్నాడు: "విజయా, కన్నతల్లిని గట్ల అనుడు మంచిగుండదు."

"మీరు జర సప్పుడు చెయ్యకుండ్రి. రేపు మిమ్ముల సుత అడుగుతరు. టైలర్ అని చెప్తరా? ఫ్యాషన్ లైన్‌ల ఉన్న అని చెప్పుండ్రి. ఇంకేమడిగినా ఎస్ అనుండ్రి."

పోశవ్వ పిల్ల జడకు రిబ్బను కట్టడం పూర్తి చేసి, "మేడమ్, మేడమ్," అని రెండుసార్లు నోట్లో అనుకుని చూసుకుంది.

మర్నాడు ఫఖ్రున్నీసా హ్యాండ్‌బ్యాగు అరువు తీసుకుని, ఆటో ఎక్కి నలుగురూ సెయింట్ రోజీ చేరారు. వరండా అంతా మమ్మీలే! జారుడు చీరలు, నల్ల కళ్ళద్దాలు, వచ్చీరాని ఇంగ్లీషు. అచ్యుతరావు గారి భార్య రెండో బిడ్డతో వచ్చింది. గోడవార బెంచీ మీద ఆయాలు వరసగా కూచున్నారు. అందరూ ముసలివాళ్ళే. అందరి చేతుల్లోనూ నీళ్ళ సీసాలే. అమీర్‌పేట నుంచి సోమాజిగూడ దాకా ఫఖ్రున్నీసా వార్త పాకిందేమో అనుకుంది విజయరాణి. తన ఆయా కూడా ఏమీ తీసిపోలేదని తృప్తి పడింది.

అంతలో ఒక పిల్లవాడు రాగం తీశాడు. వాడిని చూసి ఇంకొకతె. ఘడియలో వరండా మొత్తం ఒకటే ఏడుపు! మమ్మీలు "నో బేబీ, నో బేబీ" అంటూ చేతులు ఊపారు. పిల్లలకు ఆ భాష రాదు కనక ఇంకా గట్టిగా ఏడ్చారు. అప్పుడు పోశవ్వ లేచింది. పిల్లలందరినీ దగ్గరకు పిలిచి, వేలు చూపించి మెల్లగా ఏదో చెప్పింది. అంతే! గోడ మీది బల్లి పలికినా వినపడేంత నిశ్శబ్దం.

పోశవ్వ చెప్పింది ఇది: "గా పర్దా ఎనకాల సూదిమందు డాక్టరమ్మ కూసున్నది. ఏడ్చినోళ్ళకే సూది ఏస్తది."

విజయరాణి నెత్తి పట్టుకుంది. తన శాస్త్రమంతా మంట కలిసింది! కానీ పర్దా తొలగింది. హెడ్మిస్ట్రెస్ అరుణాదేవి గారు తొంగి చూశారు. పిల్లలు ఆమెను చూసి బిగుసుకుపోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "ఎంత క్రమశిక్షణ!" అన్నారామె. "నేనంటే ఎంత గౌరవం! ఎవరండీ ఆవిడ?"

"మా ఆయా మేడమ్," అంది విజయరాణి ముందుకొచ్చి.

వెంటనే లోపలికి పిలుపు వచ్చింది. పోశవ్వ పింకీ చేతిని విజయరాణికి అప్పగించి బయటే నిలబడింది. అరుణాదేవి గారు మొదట ఆనందాన్ని అడిగారు.

"మీరేం చేస్తుంటారండీ?"

"ఎస్," అన్నాడు ఆనందం.

"ఫ్యాషన్ లైన్‌లో ఉన్నారు మేడమ్," అందుకుంది విజయరాణి.

"అలాగా! దురలవాట్లేమైనా ఉన్నాయాండీ?"

"ఎస్ మేడమ్."

అరుణాదేవి గారు కళ్ళద్దాలు సర్దుకుని విజయరాణి వైపు తిరిగారు. "పిల్లల పెంపకం మనం పెరిగిన తీరును బట్టే ఉంటుంది కదండీ. మీ చిన్నతనం గురించి కాస్త చెప్పండి. మిమ్మల్ని ఎవరు పెంచారు?"

దీనికి విజయరాణి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. డాడీ టెక్స్‌టైల్స్‌లో ఉండేవారు, మమ్మీ తోటపని చేసేది. "మాకు ఆయా ఉండేది మేడమ్," అని మొదలుపెట్టింది. అక్కడి నుంచి దారి తప్పింది. ఎన్నడూ ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగేసరికి లోపలున్నదంతా తోసుకొచ్చింది.

"నేను పాకుకుంట మగ్గం గుంటల పడతనని, నడుముకు నూలుతాడు కట్టి, ఆ కొస తన నడుముకు కట్టుకునేది మేడమ్. గట్లనే కూసొని కండెలు చుట్టేది. నాకు తట్టు పోసినప్పుడు, జరం దిగేదాక నా పక్కనుంచి లేవలేదు. ఎంత ఆకలైనా మొదటి ముద్ద నా నోట్లనే పెట్టేది. ఇంట్ల బువ్వ తక్కువున్న దినం, నాకు ఆకలి లేదు బిడ్డా అనేది. నాకు చానా ఏండ్లు తెల్వదు మేడమ్, ఆమెకు నిజంగనే ఆకలి కాదేమో అనుకున్న..."

కాన్వెంటు భాష ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు. ఆనందం తల దించుకున్నాడు. విజయరాణికి ఏడుపొచ్చింది. అయినా కాటుక చెదురుతుందని ఆపుకుంది.

"ఎంత మంచి ఆయా!" అన్నారు అరుణాదేవి గారు. "ఇప్పుడామె ఎక్కడుందండీ?"

"బయటున్నది మేడమ్. ఆమెనే."

"రెండు తరాలను పెంచిన ఆయానా! ఎంత గొప్ప కుటుంబమండీ మీది! కానీ ఏం లాభం, సీట్లన్నీ నిన్ననే అయిపోయాయి."

ఏడాదంతా నల్లా దగ్గర చేసిన బోధనలు, వచ్చే నెల నుంచి మునిసిపాలిటీ బడికి పోబోయే పింకీ, ఫఖ్రున్నీసా ముఖం, అన్నీ ఒక్కసారి విజయరాణి కళ్ళ ముందుకొచ్చాయి.

"ఒక్కటి అడుగుతాను, కాదనకండి," అన్నారు అరుణాదేవి గారు గొంతు తగ్గించి. "మా ఆయా మానేసింది. మీ ఆయాను మాకిచ్చేయండి. మంచి జీతమిస్తాం. స్టాఫ్ కోటాలో ఒక సీటుంది. ఆవిడకు మనవడో మనవరాలో ఉంటే ఉచితంగా చేర్చుకుంటాం."

విజయరాణి కుర్చీలోంచి లేచి, పింకీని ముందుకు తోసి అరిచింది. "గిదే మేడమ్ మనవరాలు! గామె మా అవ్వ! నా కన్నతల్లి!"

అరుణాదేవి గారు నవ్వారు. "సీటు కోసం అందరూ ఇలాగే అంటారండీ. మొన్నొకాయన మా వాచ్‌మన్‌ను బాబాయ్ అని కాళ్ళు పట్టుకున్నాడు. పిలవండి ఆవిడను."

పర్దా పక్కకు జరిగి పోశవ్వ వచ్చింది.

"ఈవిడ మీ అమ్మాయేనా అమ్మా?"

పోశవ్వ చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. "నేను ఆయాను మేడమ్," అంది. విజయరాణి వైపు తిరిగి, "గిట్లనే చెప్పాలె గద మేడమ్?" అని అడిగింది.

"అవ్వా!" అంటూ విజయరాణి భోరుమంది. కాటుక చెంపల మీదికి కారింది. "నీ కాళ్ళు మొక్కుత, చెప్పవే అవ్వా! నేను నీ బిడ్డనని చెప్పవే!"

పోశవ్వ కొంగుతో బిడ్డ ముఖం తుడిచింది. "నా బిడ్డనే మేడమ్. కండెల గంపల పండుకోబెట్టి పెంచిన." తర్వాత మెల్లగా అంది: "పర్దా ఎనక నుంచి అంత విన్ననే. మస్తు మంచిగ చెప్పినవ్. అవ్వ అని చెప్పి చెప్తే ఇంక మంచిగుంటుండె."

విజయరాణికి సిగ్గేసింది. సీటు ఖాయమైందన్న సంతోషం కూడా అప్పుడే వేసింది. రెండింటిలో ఏది ముందు పడాలో తెలియక ముఖం వంకర పోయింది.

అరుణాదేవి గారు వరండాలోకి వచ్చి ప్రకటించారు. జనరల్ సీట్లు అయిపోయాయి, ఆయా ఉద్యోగం పోశవ్వకు, స్టాఫ్ సీటు ఆయా మనవరాలికి! "కన్నతల్లిని ఆయా అని తెచ్చింది ఈవిడ," అని విజయరాణిని చూపించి, "చదువుకున్నవాళ్ళు మీరెవరూ ఇలాంటి పని చెయ్యరని నాకు తెలుసు," అన్నారు.

వరండాలో గుసగుసలు లేచాయి. అచ్యుతరావు గారి భార్య నల్లకళ్ళద్దాలు తీసేసింది. పక్కనున్న ఆయా రెక్క పట్టుకుని లేపింది.

"మేడమ్, ఇంకో స్టాఫ్ సీటు లేదాండీ? ఈవిడ మా అత్తగారండీ! సొంత అత్తగారు!"

"మాది సుత మేడమ్!" అని ఇంకో మమ్మీ అరిచింది. "మా అవ్వనే! ఊడ్చుడు సుత చేస్తది!"

"ఈవిడ మా ఆయన్ని కన్న తల్లి మేడమ్! చూడండి, ముక్కు ఒకటే!"

చూస్తుండగానే బెంచీ ఖాళీ అయింది. వరండాలో ఒక్క ఆయా కూడా మిగల్లేదు. ముసలివాళ్ళు నీళ్ళ సీసాలు పట్టుకుని, తల దించుకుని, తోసుకుంటున్న కోడళ్ళ మధ్య నిలబడ్డారు. అరుణాదేవి గారు గోడకు ఆనుకున్నారు.

గడబిడ సద్దుమణిగాక ఆనందం ఆటో పిలుచుకొచ్చాడు. పింకీ ఎక్కింది. విజయరాణి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇకమీదట నల్లా దగ్గర అందరి ముందూ అవ్వా అనే పిలవాలని నిజంగానే అనుకుంది.

"రా అవ్వా, ఇంటికి పోదాం. ఇంట్ల పనంత గట్లనే ఉన్నది. పింకీకి తానం పోయాలె, బువ్వ తినిపియ్యాలె. నాకు తలకాయ నొస్తున్నది."

పోశవ్వ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. వరండాలో మళ్ళీ ఎవరో పిల్లవాడు రాగం తీస్తున్నాడు. ఆమె గోచి బిగించుకుంది.

"నేను డ్యూటీల ఉన్న బిడ్డా. ఇంటికాడ పిల్లను పట్టుకునేటందుకు ఇంకో మనిషిని చూసుకో. బయటి మనిషైతే జీతమియ్యాలె మల్ల."