నలభైకి నలభై

మంగళవారం పొద్దున వెండెల్ పళ్ళెం నిండా నిమ్మ కేకు ముక్కలతో అమెరికా రేవు పట్టణం డులూత్‌లోని ఆఫీసుకు వచ్చాడు. ఓడల్లో సరుకు నింపే ప్రోగ్రాంను చేత్తో పరీక్షించడం ఇరవై రెండేళ్ళుగా అతని ఉద్యోగం. పది గంటలకు ఆ పని ఒక యంత్రం చేసి చూపిస్తే, ఆ ఉద్యోగం ఉండదు. అయినా అది చూడటానికి రేవు నుంచి కెప్టెన్ లాహ్తీ వస్తున్నాడు. ఏమీ పెట్టకపోతే బాగుండదు.

బల్ల మీద యంత్రం నడిచే ల్యాప్‌టాప్ ఉండటంతో పళ్ళేనికి చోటు లేదు. వెండెల్ ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపి, అందరికీ కనబడేలా పెద్ద టీవీకి తగిలించాడు.

మామూలు వెబ్ పేజీలో బటన్లను ఆ యంత్రం తనే వెతుక్కుంటుంది. ఈ ప్రోగ్రాం బ్రౌజర్‌లోనే తెరుచుకున్నా, లోపల విండోలు, మెనూలు అన్నీ కలిపి ఒకే బొమ్మ. యంత్రానికి బటన్లు దొరక్క, దాన్ని తయారుచేసిన ఆర్లో ఎక్కడ నొక్కాలో ఎడమ నుంచి ఇంత, పై నుంచి ఇంత అని కొలతలు ఇచ్చాడు. టీవీకి తగిలించగానే బొమ్మ సాగి, కొలతలన్నీ తప్పాయి. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

మొదటి పరీక్షలో ఖనిజాన్ని ఓడ మూడో గదిలోకి లాగాలి. యంత్రం ఓడ ఉన్న విండోనే మూలకు లాగేసింది. పచ్చ టిక్కు పడింది.

"ఓడ ఏది?" అన్నాడు కెప్టెన్.

"పాసయిందండీ," అన్నాడు ఆర్లో.

రెండో పరీక్షకు ఓడ తిరిగి కనబడి గులాబీ రంగులోకి మారింది. మూడోదానికి ఓడ పేరు ఆరు వేల రెండు వందల టన్నులు అయింది. రెండూ పాసయ్యాయి.

"కొత్తగా ఉందే," అన్నాడు కెప్టెన్. డులూత్‌లో ఎవరూ ఇంతకంటే గట్టిగా తిట్టరు.

"ఆర్లో, నేను చూసేది నువ్వూ చూస్తున్నావా?" అంది మేనేజరు లోర్నా.

"పచ్చగానే ఉందిగా మేడం!"

"పచ్చ అంటే ఏమిటి?"

"నొక్కమన్నచోట నొక్కింది అని."

ఎనిమిదో పరీక్ష ప్రోగ్రాంను మూసేసింది. మిగతా ముప్పై రెండూ ఖాళీ పేజీ మీద జరిగాయి. కెప్టెన్ రెండో కేకు ముక్క తీసుకున్నాడు. చివర్లో టీవీ మీద ఫలితం వచ్చింది: నలభైకి నలభై పాస్.

వెండెల్ ఆగలేకపోయాడు. "తప్పు నాదే మేడం. పళ్ళెం పెట్టడానికి ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించాను. కొలతలు అందుకే తప్పి ఉంటాయి. టీవీ నుంచి విడదీస్తే మళ్ళీ సరిగ్గా చేస్తుంది."

"అయ్యో, అంతే!" అని ఆర్లో కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో," అంది లోర్నా. "కెప్టెన్ గారూ, మీ రేవులో కంప్యూటర్ తెరలన్నీ ఒకే సైజా?"

"ఏ రెండూ ఒకటి కావమ్మా."

లోర్నా టీవీలో గులాబీ రంగు ఓడ కనబడిన చోటును చూపించింది. "వెండెల్ గారూ, ఓ కేకు పళ్ళెంతో ఇది ఇలా అయిందంటే, దీన్ని పరీక్షించేవాళ్ళు ఒకరు కావాలి. రేపటి నుంచి ఆ పని మీది."

మర్నాడు వెండెల్ మళ్ళీ పళ్ళెం తెచ్చాడు. ఈసారి అది పరీక్షలో భాగం.