సెలవుకు సాక్ష్యం

జర్మనీలో రోగులకు సేవ చేయదలచిన ప్రతి నర్సూ, ముందుగా సముద్రపు ఒడ్డున తాను హాయిగా పడుకున్న తీరును ఆ దేశపు భాషలో వర్ణించి తీరాలని విదేశీ సేవాభాషల మండలి తీర్మానించింది. (సూది గుచ్చే పాఠం తర్వాతెప్పుడో వస్తుంది. అందాకా రోగి ఆగుతాడు.)

ఆ తీర్మానం బహదూర్‌పురాలో రాహేలు ఇంటిదాకా వచ్చింది. నర్సుగా పనిచేసే ఆమె కూతురు షారోన్‌కు జర్మనీ ఆస్పత్రిలో ఉద్యోగం ఖాయమై, భాషా పరీక్ష ఒక్కటే మిగిలింది. ఉర్లౌప్ అంటే సెలవు. కోఫర్ అంటే పెట్టె. ష్ట్రాంట్ అంటే సముద్రపు ఒడ్డు. ఇక్కడి ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చి, బియ్యం చెరుగుతున్న తల్లికి ఇవన్నీ అప్పజెప్పేది. శనివారం పరీక్షలో అడగబోయే ప్రశ్న కూడా ముందే తెలుసు: పోయిన సెలవుల్లో ఎక్కడికి వెళ్లారు?

"ఏం జెప్తవ్?" అంది రాహేలు.

"సముద్రానికి పోయినమని. సార్ రాసిచ్చిండు."

"ఎన్నడు పోయినం?"

"పోలే మమ్మీ. ఉట్టిగ జెప్పుడే."

రాహేలు చేట పక్కన పెట్టింది. ఏడో తరగతితో చదువు ఆగినా ఆమెకు ఆఫీసులు తెలుసు. భర్త పోయాక, తాను బతికే ఉన్నట్టు పింఛను ఆఫీసుకు ఏటా కాగితం ఇస్తున్న మనిషి. (స్వయంగా ఎదుట నిలబడితే చాలదు.)

"రేపు వాళ్లు రైలు టికెట్ జిరాక్స్ అడుగుతరు. ఏం జూపిస్తవ్? అబద్ధమాడిందని జైల్ల ఏస్తరు. ఆడ మస్తు చలి."

మర్నాడే, కూతురు జర్మన్ నేర్చుకునే అఫ్జల్‌గంజ్‌లోని శిక్షణ కేంద్రానికి వెళ్లింది. సెలవుల పదజాల విభాగాధిపతి ప్రకాశం సారు ఆమెను కూర్చోబెట్టారు.

"ఫికర్ జెయ్యకమ్మా. రెండు వందల మందిని పంపిన. అందరు సముద్రానికే పోయిన్రు."

"ఒక్కలన్న తడిసిన్రా సార్?"

సారు రిజిస్టరు మూశారు. నిబంధనల ప్రకారం సెలవుకు వెళ్లదగిన చోట్లు నాలుగేనన్నారు: సముద్రం, కొండ, సరస్సు, దీవి. (మేనత్త ఇల్లు పదజాలంలో లేదు.)

"జూ పార్క్ మా ఇంటి పక్కకే ఉన్నది. గది రాస్కోండ్రి. టికెట్లు గూడ దొరుకుతయ్."

"జంతువులు పన్నెండో పాఠం అమ్మా. ఇది పదకొండు."

రాహేలు ఇంటికొచ్చి, నిజమే చెబుతానని కూతురితో బైబిలు మీద చెయ్యి పెట్టించింది. శనివారం షారోన్ పరీక్షాధికారి ముందు కూర్చుని, ఒక్క తప్పు లేకుండా చెప్పింది: నాలుగేళ్లుగా నాకు సెలవు దొరకలేదు. దొరికితే నిద్రపోతాను.

వారానికి ఫలితం వచ్చింది. వ్యాకరణం నిర్దోషం. ఉచ్చారణ శ్రావ్యం. అభ్యర్థికి సెలవే లేనందున సెలవుల విభాగంలో సున్నా.

రెండు రోజులు రాహేలు సరిగా తినలేదు. "నా నోరే ముంచింది బిడ్డా" అంటే, "మళ్ల రాస్త తియ్" అంది షారోన్, యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ.

మళ్లీ రాయడానికి ఆర్నెల్లు ఆగాలని ఫలితం కాగితం కింద మండలి నిబంధన ఉంది. ఆ ఆర్నెల్లూ ఒక్క రోజైనా సెలవు తీసుకోకుండా పనిచేసినట్టు ఆస్పత్రి ధ్రువపత్రం జతచేయాలి. అది చదివించుకున్నాక రాహేలు మనసు కుదుటపడింది. ఆ కాగితం ఆస్పత్రి వాళ్లు అడగ్గానే ఇస్తారు.