పొట్టు పరీక్ష

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు: కామాక్షి, ఆమె భర్త శ్యాంసుందర్, అత్త నూకమ్మ, పదో తరగతి చదివే కూతురు లావణ్య, టెక్కలి నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఆడపడుచు భర్త గౌరీశంకర్. వీళ్లు కాక రెండు వ్యాక్యూమ్ క్లీనర్లు. పెద్దది, ఎర్రది శ్యాంసుందర్ పలాస బజారులో మెచ్చి తెచ్చాడు. చిన్నది, నీలంది, సగం ధరది గౌరీశంకర్ తన కొట్టు నుంచి తెచ్చాడు. గెలిచినది ఉండాలి, ఓడినది సాయంత్రానికి వెళ్లిపోవాలి.

ఆ ఇంట్లో జీడిపప్పు ఒలుస్తారు. పొట్టు ఎగిరి నూకమ్మ టీలో పడుతోందనే మిషన్ మాట వచ్చింది. వీధి చివర ఉండే సింహాచలమ్మ, జీడిగింజలు కాల్చే బట్టీ నుంచి పప్పు తెచ్చి ఇంటికి పది కిలోలు పంచుతుంది. మధ్యాహ్నం మూడింటికి పప్పూ పొట్టూ కలిపి మళ్లీ పది కిలోలు తూగాలి. రెండేళ్లుగా కామాక్షి దగ్గర ప్రతిసారీ గుప్పెడు తగ్గుతోంది. తేమ ఆరిపోయి ఉంటుందని ఆమె చెబుతూ వస్తోంది. ఈసారి తగ్గితే పని వేరే ఇంటికి ఇచ్చేస్తానని సింహాచలమ్మ కచ్చితంగా చెప్పింది.

అందుకే కామాక్షి పొద్దున్నే ఒలిచి, తెల్లటి పప్పును సంచిలో కట్టింది. పొట్టు ఊడని మొండి పప్పును పొట్టుతో పాటే గంపలో ఉంచి, తిరిగొచ్చి ఏరుదామని మధ్యాహ్నం నీళ్లొచ్చే వేళకు కుళాయికి వెళ్లింది.

వీధి దుమ్మును ఏ మిషనైనా లాగుతుందని, పరీక్ష ఇంటి చెత్తతోనే జరగాలని శ్యాంసుందర్ తేల్చాడు. గంపలోది గచ్చు మీద రెండు సమానమైన కుప్పలుగా పోశాడు. మొండి పప్పుదీ పొట్టుదీ ఒకటే రంగు. ఆ సంగతి లావణ్యకు తెలుసు. ఆమె రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఏమిటని ఎవరూ అడగలేదు.

ఎర్ర మిషన్ మొదటి కుప్పను టపటపమంటూ మింగేసింది.

"ఏటి బావా ఆ సప్పుడు?" అన్నాడు గౌరీశంకర్.

"బలం" అన్నాడు శ్యాంసుందర్.

ఆ బలం చూపించడానికి గొట్టాన్ని మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, పెళ్లయినప్పటి నుంచి కదపని బీరువా కింద కూడా తిప్పాడు. అక్కడ చప్పుడు ఇంకా పెరిగింది. మిషన్ సంచి తూచి, ఇంత చెత్తలోనా మనం బతుకుతున్నది అని తల్లిని అడిగాడు. నూకమ్మ నొచ్చుకుంది.

తరువాత నీలం మిషన్ రెండో కుప్ప మీదికి వెళ్లింది. పొట్టంతా పోయింది. పప్పంతా మిగిలింది.

అల్లుడి మిషన్ ఓడిపోయిందని నూకమ్మ ఎలా చెప్పాలా అని చూస్తుండగా కామాక్షి బిందెతో లోపలికి వచ్చింది. గచ్చు చూసింది. ఎర్ర మిషన్ సంచి చూసింది. బిందె దించింది.

"ఏటి సేత్తన్నారు?" అంది.

"పరీచ్చ" అన్నాడు శ్యాంసుందర్.

అప్పటికి రెండయింది. రెండు మిషన్ల సంచులూ గచ్చు మీద బోర్లించి ఐదుగురూ ఏరడానికి కూర్చున్నారు. ఏం తగ్గినా పని పోతుందని, ఒక్క గింజ కూడా వదలొద్దని కామాక్షి అంది. చూపు ఆనని నూకమ్మ గింజలా తగిలిన ప్రతిదాన్నీ పప్పులో వేసింది.

మూడింటికి భార్యాభర్తలు మూట మోసుకెళ్లారు. సింహాచలమ్మ గుమ్మంలో రేపటి పప్పు సంచి సిద్ధంగా ఉంది. కామాక్షి దాన్నే చూస్తూ నిలబడింది. కాటా పది కిలోల ఆరువందల గ్రాములు చూపించింది.

"ఎప్పుడూ తగ్గుద్ది గదమ్మా. ఇయాల పెరిగిందేటి?" అంది సింహాచలమ్మ.

కామాక్షికి నోటికి అలవాటైన కారణం ఒక్కటే ఉంది. "తేమ పట్టీసుంటాది పిన్నీ" అంది.

మిషన్ గొప్ప చెప్పడానికి శ్యాంసుందర్‌కు పొద్దుటి నుంచి సరైన మనిషి దొరకలేదు. "మా ఎర్ర మిసను సూడాల పిన్నీ. రెండేళ్లుగా బీరువా కింద పడున్నదంతా లాగీసింది" అన్నాడు.

సింహాచలమ్మ మూటలో చెయ్యి పెట్టి, పురుగు తొలిచిన గింజ ఒకటి తీసి కామాక్షి అరచేతిలో పెట్టింది. గుమ్మంలోని సంచిని లోపలికి ఈడ్చుకుంది.

"తేమంటే ఇదేనన్నమాట" అని తలుపు వేసేసింది.