పొల్లు తుడిచిన తోక

ఒక పెద్ద అడవిలో... ఆగండి. నమ్మబుద్ధి కానివాళ్లు ఇప్పుడే కొమ్మ దిగి వెళ్లిపోవచ్చు. నేను కాకిని. నాకున్నది ఒక్క కన్నే అంటారు. అయినా ఆ రోజు గోల్‌పోస్టు మీద కూర్చుని నేను చూసినంత, రెండేసి కళ్లున్నవాళ్లు నలుగురు కలిసినా చూడలేదు. కాదనే మొనగాడు ఉంటే ముందుకు రండి. లేరు కదా? అయితే వినండి.

ఆ అడవిలో ఒక బాలుర హైస్కూలు, దానికో ఫుట్‌బాల్ జట్టు, ఆ జట్టుకో కోచ్ ఉండేవాళ్లు. కోచ్ పేరు గుంట శేషాద్రి మాస్టారు, జాతికి గుంటనక్క. ఉద్యోగం తాత్కాలికం. ప్రతి వేసవికీ హెడ్మాస్టరు ఎలుగుబంటి వీపు గోక్కుంటూ, "వచ్చే ఏడు పర్మనెంటు చేద్దాంలెండి," అనేవాడు. ఈయన తోక ఊపుకుంటూ వెళ్లిపోయేవాడు.

ఈసారి హెడ్మాస్టరు గోక్కోలేదు.

"మాస్టారూ, ఏటవతలి తోడేళ్ల స్కూలు మీద కప్పు గెలిస్తే మీరు పర్మనెంటు. లేదంటే క్వార్టర్సు ఖాళీ చేయండి."

జట్టు సంగతి చెబితే మీకు జాలేస్తుంది. స్కూలు కమిటీలో ఎవరి నాన్న గట్టిగా గుర్రుమంటే వాళ్ల అబ్బాయికి జట్టులో చోటు. కెప్టెన్ వరహాలు అడవిపంది కుర్రాడు. బంతి కనబడితే దుంప అనుకుని ముట్టెతో పొడుస్తాడు. గోల్‌కీపర్ శిఖామణి నెమలి. బంతి వస్తుంటే ఈకలు నలుగుతాయని పక్కకు తప్పుకుంటాడు. కొండముచ్చు కొండలరావు బంతి దొరికిందంటే దాన్ని పట్టుకుని చెట్టెక్కేస్తాడు. కిందికి దించడానికి వాళ్ల మేనమామలు బతిమాలాలి. కిందటేడు తోడేళ్లు వీళ్ల మీద కొట్టిన గోల్స్ లెక్క అరిచి చెప్పీ చెప్పీ నా గొంతు పాడైంది. అంతకుముందు నాది కోయిల గొంతు!

మైదానం పక్కన పెద్ద బండ ఉంది. దాని మీద బొగ్గుతో ఒకటే నియమం రాసి ఉండేది: "గోల్ ఎక్కువ చేసిన జట్టుకే కప్పు." ఆటకు ముందు రెఫరీ అడవిదున్న భీమన్న ఆ బండ ముందు నిలబడి దాన్ని పైకి చదవాలి. "రాసింది పొల్లు పోకుండా అమలు చేస్తాను," అని ప్రమాణం చేయాలి. అది ఆనవాయితీ. సొంత బుర్ర వాడితే పక్షపాతం అంటారని భీమన్న బుర్ర వాడటం ఎప్పుడో మానేశాడు.

ఒక మధ్యాహ్నం శేషాద్రి మాస్టారు జట్టును చూశాడు. బండను చూశాడు. మళ్లీ జట్టును చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపుకు నా రెక్కలు మాడాయి, కావాలంటే చూడండి, ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. ఆయన మెల్లగా వెనక్కి జరిగి బండకు ఆనుకుని, ఈలపాట పాడుతూ, తోక చివరతో 'ల్' మీద ఉన్న చిన్న పొల్లును తుడిచేశాడు.

"గోల ఎక్కువ చేసిన జట్టుకే కప్పు."

వెంటనే పిల్లల్ని పోగుచేశాడు. "ఒరేయ్, ఇవాళ్టి నుంచి బంతి ముట్టుకోవద్దు. గోల చేయండి."

"గోలా సార్?" అన్నాడు వరహాలు. "ఇంట్లో చేస్తే తంతారండి."

"ఇక్కడ చేస్తే కప్పిస్తారు. నోరు తెరువు!"

తెరిచారు. ఏమని చెప్పను! తేనెటీగలు పట్టు వదిలేసి వేరే కొండకు కాపురం మార్చాయి. ఏట్లో చేపలు చెవులు మూసుకుందామని చూసి, చెవులు లేవని గుర్తొచ్చి ఏడ్చాయి. హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం శిక్షణండీ ఇది?"

"మానసిక స్థైర్యం సార్."

అర్థం కాలేదు గనుక హెడ్మాస్టరు సంతోషించాడు.

ఆట రోజు వచ్చింది. భీమన్న బండ ముందు నిలబడి, "గోల ఎక్కువ చేసిన జట్టుకే కప్పు. రాసింది పొల్లు పోకుండా అమలు చేస్తాను," అన్నాడు. ఏటా ఉండేదే కదా అని ఎవరూ వినలేదు.

ఈల మోగింది. మాస్టారు ముందుకాలు పైకెత్తి, "ఊఁ, కానివ్వండి!" అన్నాడు.

వరహాలు నోరు తెరిచాడు. గాలి వచ్చింది. శిఖామణి మెడ సాచాడు. చీమ తుమ్మినంత చప్పుడు. సాధన మరీ ఎక్కువై పదకొండు గొంతులూ బొంగురుపోయాయి!

"అరవండ్రా! మీకు దణ్ణం పెడతాను!"

'సార్' అనబోయాడు కొండలరావు. 'స' దగ్గరే ఆగిపోయాడు.

పాపం, ఇక చేయడానికి వాళ్లకు మిగిలింది ఆట ఒక్కటే. శిఖామణి ఉక్రోషం కొద్దీ పురి విప్పాడు. గోల్ మొత్తం కప్పుకుపోయింది. ఆ ఈకల మీది కళ్లన్నీ ఒక్కసారి చూసేసరికి తోడేళ్లు ఎటు తన్నాలో మరిచిపోయారు. ఈలోగా వరహాలు బంతిని ముట్టెతో ఒక్క పొడుపు పొడిచాడు. అది మేఘాన్ని చీల్చుకుని వెళ్లి, తడిసి కిందికి దిగింది. కొండలరావు చేతులు వెనక్కి కట్టుకుని ఎగిరి, తలతో కొట్టాడు. గోల్! బంతితో పాటు నాలుగు చినుకులు కూడా వలలో పడ్డాయి.

తోడేళ్లు రెఫరీని చుట్టుముట్టారు.

"ఆఫ్‌సైడ్!"

"తోకతో కొట్టాడు!"

"ఆ మేఘం మా ఒడ్డుది! దాన్నెలా వాడతారు?"

చివరి ఈల దాకా ఊళలే ఊళలు. మనవాళ్లకు జై కొట్టుకోవడానికి కూడా గొంతు లేదు. ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారు.

శేషాద్రి మాస్టారు బండనూ మరిచాడు, పొల్లునూ మరిచాడు. గంతులేస్తూ కప్పు కోసం చేతులు చాచాడు. భీమన్న ఆయన పక్కనుంచి నడిచి వెళ్లి కప్పు తోడేళ్లకిచ్చాడు.

"అయ్యా! గోల్ చేసింది మావాళ్లు!"

"బండ మీద ఏముంది?"

"గో... గోల."

"అది ఎవరు చేశారు?"

"వాళ్లే. కానీ అక్కడ పొల్లుండాలండీ!"

"ఉండాలా? మరి తుడిచిందెవరు?"

మాస్టారు తోక కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. "గాలేమోనండీ." ఆ తర్వాత గుండె పగిలి, "అన్యాయం! అన్యాయం!" అని అడవి అదిరేలా అరిచాడు.

"చివరి ఈల వేశాక చేసిన గోల లెక్కలోకి రాదు," అన్నాడు భీమన్న.

మర్నాడు మాస్టారు సామాను సర్దుకుంటుంటే వరహాలు వచ్చాడు. గొంతు కొద్దిగా తిరిగొచ్చింది.

"సార్, మేం గెలిచినట్టా, ఓడినట్టా?"

"ఆడినట్టురా నాయనా," అన్నాడు మాస్టారు. "నా దగ్గర అది నేర్చుకున్నవాళ్లు మీరే మొదలు. అదీ నేను నేర్పకుండా."

స్కూలు కమిటీ సమావేశమై, పొల్లు లేని నియమమే మన పిల్లలకు అనుకూలమని తీర్మానించి, కొత్త కోచ్‌గా ఒక తోడేలును పర్మనెంటుగా నియమించింది.

నీతి: గోల్ కొట్టడం తప్పు కాదు గానీ, ఓడినవాడి కంటే ముందు మీరే ఏడవాలి.

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. ఆ రోజు నక్కే తన తోక తొక్కుకుంది. ఇంకా నమ్మరా? ఆ తోక చివర అంటిన బొగ్గు ఈనాటికీ వదల్లేదు. వెళ్లి స్వయంగా అడగండి, సాక్షి పేరు గుంట శేషాద్రి మాస్టారు.