వైసాలె తాగేసిన సాక్ష్యం

వరద మా చర్చి గంటను సముద్రంలోకి ఎత్తుకుపోయిన తరువాత అది మూడో ఏడు. ఆ ఏడే మా బావ వైసాలె తాను అపరాధ పరిశోధకుణ్ణని ప్రకటించుకున్నాడు.

"సాకియూసా బావా! ఈ దీవిలో నేరం ఏ కలుగులో దూరినా నా కళ్ళు తప్పించుకోలేదు!" అన్నాడు. అంతకు ముందు రోజు తన గొడ్డలి కనపడక నాది పట్టుకుపోయాడు.

ఆ రోజు తవేఉని దీవి నుంచి అకెనెత అవ్వ వచ్చింది. వాళ్ళమ్మమ్మ పుట్టింది మా కొండ మీది పాతకోటలో.

"ఆ ఇంటి పునాదిరాయి మీద ఒక్కసారి చెయ్యి పెట్టాలయ్యా. మళ్ళీ రాలేను" అంది. నాలుగింటికి ఆమె పడవ.

నా లారీలో తిప్పాం. రాతి చర్చి చూసింది. పాత ఫిరంగి చూసింది. వైసాలె ఆధారాల కోసం ఫిరంగిలో తల దూర్చాడు. లోపల పొదిగే కోడి ముక్కు మీద పొడిచింది.

కొండ కింది ఊరిపెద్ద ముందు, దంచి మత్తుపానీయం చేసుకునే యంగోనా వేళ్ళ కట్ట కానుకగా పెట్టందే ఎవరూ కోటకెక్కరు. లారీ ఆపి చూస్తే, పొద్దున వైసాలె తెచ్చిన కట్ట లేదు. దుకాణం నది అవతల. వెళ్ళొస్తే పడవ పోతుంది.

"ఎవరూ కదలొద్దు! ఇది దీవులు దాటిన ముఠా పని!" అని అరిచాడు వైసాలె.

"కదలకపోతే కొండెలా ఎక్కను నాయనా?" అంది అవ్వ.

వైసాలె టోపీ కళ్ళ మీదికి లాక్కుని, పిల్లిలా ఊళ్ళోకి నడిచాడు.

"టోపీ తియ్యరోయ్! ఊళ్ళో టోపీ పెట్టడం తప్పు!" అని నాలుగిళ్ళవాళ్ళు అరిచారు.

ఊరిపెద్ద ఇంట్లో మగాళ్ళు యంగోనా గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పక్క ఊరి పెని ఒకడు.

"రావయ్యా, గబ్బిలం మొహమా!" అన్నాడు పెని.

"పరిశోధకుణ్ణి దూషించాడు. గుర్తుంచుకో బావా" అన్నాడు వైసాలె.

నేను నోరు తెరిచాను.

"సాక్షులు పిలిస్తేనే మాట్లాడాలి!"

మూసుకున్నాను.

అతను ఒక ప్రశ్న అడిగితే వాళ్ళొక కొబ్బరిచిప్పెడు యంగోనా అందించారు. ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి తాగాడు. ఆరో చిప్పకు నాలుక మొద్దుబారింది.

"ఏం ఘాటు! అచ్చం నేను పొద్దున ఏరి తెచ్చిన వేరే!"

"నీదే మరి! మీరు ఫిరంగి చూస్తుండగా లారీలోంచి నేనే తీశాను" అని పెని పడీపడీ నవ్వాడు.

"దొంగ! ఒప్పుకున్నాడు! పట్టుకోండి!"

ఎవరూ పట్టుకోలేదు. మా ఊరూ పెని ఊరూ తౌవు వరస. రెండూళ్ళ తాతలకూ దేవుడొక్కడే. ఒకరిది ఒకరు ఎత్తుకుపోవచ్చు, తిట్టుకోవచ్చు. కోప్పడితేనే తప్పు. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి దర్యాప్తు తలకెక్కి వైసాలె మరిచిపోయాడు.

అవ్వ గుమ్మంలోనే నిలబడింది. "వేరంతా అయిపోయింది కదా. మరి నేను వెనక్కి పోవడమేనా?"

ఊరిపెద్ద గిన్నెలోకి చూశాడు.

"వేరు మా ఇంటికే వచ్చింది. నేనూ తాగాను, మీవాడు ఆరు చిప్పలు తాగాడు. ఇంకేం పెడతావమ్మా? ఎక్కు."

పెని ఆమెను వీపున మోసుకెళ్ళాడు. ఆమె రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. పడవ అందింది.

కాళ్ళు చచ్చుబడి లారీలో పడుకున్న వైసాలె, "నా ఎత్తు ఎలా పారింది బావా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెని ఇంటికి వెళ్ళి, వాడు చూస్తుండగానే, వాడి బలిసిన పందిని లారీలోకి ఎక్కించుకొచ్చాను.