మంత్రిగారు కూర్చున్న కుర్చీ

ఆ గురువారం పొద్దున్న కృపావతి పెట్టుకున్న పనులు మూడే. పనసపొట్టు కూర వండాలి, దుప్పట్లు ఉతకాలి, మధ్యాహ్నం భర్త మళ్ళీ బడికి వెళ్ళాక పడక కుర్చీలో కాసేపు కాళ్ళు జాపుకోవాలి. ఆ టేకు కుర్చీ ఆవిడ పెళ్ళికి తండ్రి దానియేలు చేయించినది. భర్త బళ్ళో ఉన్నంతసేపూ అది ఆవిడది, ఇంట్లో ఉన్నంతసేపూ ఆయనది.

మాజీ మంత్రి గంగిరాజు గారు కన్నుమూశారని విజయవాడ రేడియో చెప్పింది.

"పాపం!" అంటూనే భర్త ఆనందరావు మాస్టారు లేచి బీరువా తెరిచి, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ తీశాడు. సంతాప సభలకి తప్ప ఆయన ఆ లాల్చీ తొడగడు. దేశంలో ఏ పెద్దమనిషి పోయినా కొత్తపేట పఠనమందిరంలో సభ, సభలో ఆనందరావు ప్రసంగం తప్పవు. గాయకుడు పోతే ఆయనతో కలిసి కాఫీ తాగి ఉంటాడు. స్వాతంత్ర్య యోధుడు పోతే ఆయన్ని చెయ్యి పట్టుకుని పడవెక్కించి ఉంటాడు.

"ఇవన్నీ ఎప్పుడు జరిగేయండీ?" అని కృపావతి ఒకసారి అడిగింది.

"పోయినవాళ్ళు కాదనరు కదే," అన్నాడు.

ఈసారి కూడా ఊరుకోలేక అడిగింది. "గంగిరాజు గారు మీకేం తెలుసు?"

"భలేదానివే! తుఫానప్పుడు మన వీధిలోకి రాలేదూ?"

"ఆయనెక్కడొచ్చేరు? జీపొచ్చింది. ఆగకుండా పోయింది. పోతూ పోతూ నా దుప్పటి మీద ఇంత బురద కొట్టింది. ఆ మరక ఇప్పటికీ వదల్లేదు."

సాయంత్రం సభలో కొబ్బరికాయల వ్యాపారి సింహాద్రి ముందు మాట్లాడాడు. తను వేసిన దండని మంత్రిగారు తీసి తిరిగి తన మెళ్ళోనే వేశారని చెబితే చప్పట్లు మోగాయి. ఆనందరావు వంతు వచ్చేసరికి చెయ్యి కలపడాలు, దండలు, భుజం తట్టడాలు అన్నీ అయిపోయాయి. మిగిలింది ఇల్లు ఒక్కటే.

"ఆ తుఫాను రోజున జీపు మా గుమ్మం ముందు ఆగింది," అన్నాడు గొంతు బొంగురు చేసుకుని. "మా పడక కుర్చీలో ఒరిగి, 'మాస్టారూ, ఈ సుఖం అసెంబ్లీలో లేదండీ' అన్నారు."

జనం కళ్ళు తుడుచుకున్నారు. సింహాద్రి మాత్రం తుడుచుకోలేదు.

తెల్లారేసరికి పఠనమందిరం అధ్యక్షుడు బంగారరాజు బంతిపూల దండతో దిగాడు. కుర్చీకి దండ వేసి అగరొత్తులు వెలిగించబోయాడు.

"మేం క్రైస్తవులమండీ," అంది కృపావతి.

"మీరు క్రైస్తవులే, కుర్చీకేం మతముందమ్మా?" అని వెలిగించేశాడు.

ఆ రోజు నుంచి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పలివెల నుంచి బడిపిల్లలు వరసకట్టి వచ్చి చూసిపోయారు. ఆనందరావు అరుగు మీదికి, కృపావతి వంటింటి పీట మీదికి మారారు. నెల్లాళ్ళపాటు ఇదంతా చూసి ఓర్వలేని సింహాద్రి ఒక మాటన్నాడు. "ఇంత గొప్ప కుర్చీ ఒకరింట్లో ఉండిపోవడం న్యాయమాండీ? పఠనమందిరంలో పెట్టించండి."

"ఆయ్, బాగుందండీ!" అన్నాడు బంగారరాజు. "ఊరూరా సభలకి మంత్రిగారి భార్యని తీసుకెళ్తున్నారు. ఆదివారం మనూరొస్తున్నారు. ఆవిడ చేతుల మీదుగా అప్పగించేద్దాం."

వాళ్ళు గుమ్మం దాటగానే కృపావతి అంది, "నిజం చెప్పెయ్యండి."

"ఇప్పుడా? నా పరువేం కాను?"

"నా కుర్చీయో?"

"దేశం కోసం ఒక కుర్చీ ఇవ్వలేవా?"

"దేశానికేమన్నా నడుం నొప్పాండీ? నాకుంది."

ఆదివారం దంపతులిద్దరూ చర్చి నుంచి వచ్చేసరికి కుర్చీని ఒంటెద్దు బండి ఎక్కిస్తున్నారు. మంత్రిగారి భార్య, తన భర్త కూర్చున్న ఇల్లు చూస్తానని లోపలికి వచ్చారు. మంచినీళ్ళు అడుగుతూ వంటింట్లోకి నడిచి, పీట మీద చతికిలబడ్డారు.

"మీ ఇంట్లో ఆయనేం తిన్నారమ్మా?"

కృపావతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇప్పుడే ప్రార్థన చేసుకొచ్చేనమ్మగారూ, అబద్ధం చెప్పలేను. ఆయన మా ఇంటికి రాలేదు. జీపు మాత్రం వెళ్ళింది." పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పటి మరక చూపించి, కుర్చీ సంగతి మొదలుపెట్టి, నడుం నొప్పితో ముగించింది.

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు.

"ఆయన కూర్చున్న కుర్చీలు, తిన్న కంచాలు చూసి చూసి, ఇంతకీ నేను కాపరం చేసింది ఎవరితోనా అని అనుమానం వచ్చేసిందమ్మా. జీపు ఆపకుండా తోలించేరన్నావు చూడు, అదీ ఆయన!" మంచినీళ్ళు తాగి లేచారు. "మీ ఆయన పరువు పోకూడదు, నీ కుర్చీ పోకూడదు. అంతేనా?"

సభలో మైకు ఆవిడ చేతికి వచ్చింది.

"ఈ కుర్చీ గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పేవారో!" అన్నారు. వేదిక మీద ఆనందరావు ఉలిక్కిపడ్డాడు. "'పొరపాటున ఇల్లాలి కుర్చీలో కూర్చున్నాను. ఆ తల్లి రోజంతా నిలబడి చాకిరీ చేసి ఒరిగే కుర్చీ అది. ఇంకెవరూ అందులో కూర్చోకూడదు' అని బాధపడేవారు. ఏం మాస్టారూ, ఆ మాట మీతో కూడా అన్నారుటగా?"

సభంతా ఆనందరావు వైపు తిరిగింది. మంత్రిగారి మాటకి ఊళ్ళో ఉన్న సాక్షి ఆయనొక్కడే.

"ఆయ్... అన్నారండి," అన్నాడు నేల చూస్తూ.

మొదటి చప్పట్లు సింహాద్రివి.

కుర్చీ అదే బండి మీద తిరిగొచ్చింది. మంత్రిగారి కోరిక సరిగ్గా నెరవేరుతోందో లేదో చూడడానికి బంగారరాజు వారానికోసారైనా కిటికీలోంచి తొంగి చూస్తాడు. ఒకసారి ఆనందరావు మరిచిపోయి అందులో ఒరగబోతే, రోడ్డు మీంచి ఎవరో "మాస్టారూ, పెద్దాయన మాట!" అని కేకేశారు.

తర్వాత కొన్నాళ్ళకి, పేరున్న రంగస్థల నటుడొకాయన పోయారని రేడియో చెప్పింది. ఆనందరావు లాల్చీలో ఒక చెయ్యి దూర్చి ఆగిపోయాడు.

"సభకి వెళ్ళరా?" అంది కృపావతి, కుర్చీలోంచే.

"వెళ్తాను గానీ," అన్నాడు ఆయన, "ఆయన భార్య ఉన్నదీ లేనిదీ రేడియోలో ఏమన్నా చెప్పేరా?"