పడితే మోగే డబ్బా

ఆ సోమవారం పొద్దున శ్రీశైలానికి మూడే పనులున్నాయి. తల్లి సత్యమ్మ నడుముకు డబ్బా కట్టాలి. పక్కింటి తిమ్మమ్మ గోడకు గంట తగిలించాలి. తొమ్మిదింటి బస్సుకు తాను పాఠాలు చెప్పే బడికి పోవాలి.

డబ్బా సబ్బుపెట్టె అంత ఉంది. శ్రీరంగాపూర్‌లో రేడియోలు బాగుచేసే యేసయ్య దాన్ని తయారుచేశాడు. లోపల చిన్న గాజుగొట్టం, అందులో పాదరసం చుక్క. మనిషి ఒరిగితే చుక్క జారి తీగలను కలుపుతుంది. రేడియోకు అందినట్టే గాలిలో సంకేతం అంది తిమ్మమ్మ ఇంట్లో గంట మోగుతుంది. ధర మూడు వందల యాభై. ఇదే పని చేసే విదేశీ పరికరాన్ని శ్రీశైలం హైదరాబాద్‌లో చూసి వచ్చాడు. పద్దెనిమిది వేలు. ఆయనకు రెండు నెలల జీతం.

ధర విని సత్యమ్మ నవ్వింది. "గా పైసలకు బర్రె వస్తది గద రా. నేను పడితె అదన్న ఒర్లుతది. పైంగ పాలిస్తది."

శ్రీశైలం నవ్వలేదు. నిరుడు ఆయన తండ్రి రామన్న పెరట్లో స్నానాల బండ మీద జారి పడ్డాడు. సత్యమ్మ ఆ రోజు గట్టు అనే ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉంది. సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. చూసేసరికి ప్రాణం లేదు. ఆయన అక్కడ పడి ఉన్నంతసేపూ శ్రీశైలం బడిలో ఉన్నాడు. ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాడు. ఆ తర్వాత ఆ పాఠం ఇంకో మాస్టారికి ఇచ్చేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బస్సు ఊరు దాటకముందే గంట మోగింది. జొన్నపిండి చేతులతోనే తిమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! పడ్డవా?"

"పడలే. వాకిలి ఊడుస్తున్న."

"మరి గంటెందుకు కొట్టుకున్నది?"

"వంగినా పడ్డట్టే అనుకుంటది గావచ్చు. వచ్చినవు గద, జర కూసో. చాయి తాగి పో."

ఇంటికొచ్చిన మనిషిని చాయి ఇవ్వకుండా పంపడం సత్యమ్మకు చేతకాదు. ఆమె పొయ్యి నేల మీద ఉంటుంది. చాయి పెట్టడానికి వంగింది. తిమ్మమ్మ ఇంట్లో గంట మోగింది. తిమ్మమ్మ ఇక్కడే ఉంది కాబట్టి, ఈసారి ఎదురింటి రాములమ్మ విని పరుగెత్తుకొచ్చింది. ఆమెకూ చాయి పెట్టాల్సి వచ్చింది. మళ్లీ వంగింది. మళ్లీ మోగింది. మూడో ఇంటి నుంచి చిన్నమ్మ వచ్చింది.

బుధవారానికి వీధంతా వస్తోంది. "ఎట్లైన రావల్సిందే గద, పనన్న తెచ్చుకుందం" అని రాములమ్మ విత్తనానికి ఒలవాల్సిన పల్లికాయ మూట తెచ్చుకుంది. మిగతావాళ్లూ తెచ్చుకున్నారు. సాయంత్రం కొడుకు అడిగితే సత్యమ్మ, "డబ్బా మంచిగున్నది రా, బగ్గ పనిజేస్తున్నది" అంది. శ్రీశైలం యేసయ్యను మనసులో మెచ్చుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి బడి ముందు బస్సు ఆగింది. కండక్టరు దిగి తరగతి గది దాకా వచ్చాడు.

"సార్, మీ ఇంటి ముంగట మస్తు చెప్పులున్నయి. మీకు చెప్తె మంచిదని..."

శ్రీశైలం సుద్దముక్కను బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరుకు చెప్పి, ఊరి వైపు పోతున్న ట్రాక్టరు ఎక్కాడు. ఆ గడప ముందు అన్ని చెప్పులను ఆయన ఇదివరకు ఒక్కసారే చూశాడు. వీధి మలుపులో దిగి, అక్కడి నుంచి మెల్లగా నడిచాడు. పరుగెత్తితే మారేది ఏమీ ఉండదని ఆయనకు తెలుసు. గుమ్మం ముందు పంతొమ్మిది జతలున్నాయి.

లోపల ఎవరో పకపకా నవ్వారు.

పల్లికాయ పొట్టు కుప్పల మధ్య సత్యమ్మ కూర్చుని ఉంది. "ఏం రా, బడి లేదా? ఎండల వచ్చినవు, చాయి తాగుతవా?" అంటూ లేచి పొయ్యి వైపు వంగింది. పక్కింట్లో గంట మోగింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

శ్రీశైలం గడప మీద కూర్చున్నాడు. ఎవరో ఆయన చేతిలో చాయి గ్లాసు పెట్టారు.

ఆ సాయంత్రం యేసయ్య దుకాణానికి పోయాడు.

"వంగుడుకు, పడుడుకు ఫరక్ తెల్వదా నీ డబ్బాకు?"

"తెల్వదు సార్. గా ఫరక్ తెలుసుకునేటందుకే వాళ్లు పద్దెనిమిది వేలు అడుగుతున్నరు."

జవాబు న్యాయంగానే ఉంది. శ్రీశైలం ఇంటికొచ్చి, ఆ పద్దెనిమిది వేల కోసం పండుగ అడ్వాన్సుకు దరఖాస్తు రాసుకున్నాడు. శనివారం పొద్దున డబ్బాను మేకుకు తగిలించి, ఇకనుంచి వంగకుండా పని చేసుకోమని తల్లికి చెప్పి బడికి పోయాడు. తిమ్మమ్మకు చెప్పడం మరిచిపోయాడు.

పదింటికి సత్యమ్మ నిజంగానే పడింది. అదే బండ మీద. చీలమండ బెణికి లేవలేకపోయింది. పిలిచింది కానీ గొంతు వీధిదాకా పోలేదు. డబ్బా మేకుకు నిటారుగా, నిశ్శబ్దంగా వేలాడుతోంది.

పావుగంటలో తిమ్మమ్మ పెరట్లో నిలబడి ఉంది.

"ఎట్ల తెలిసిందే నీకు? గంట మోగలే గద!" అంది సత్యమ్మ నొప్పితో.

"మోగలే, గందుకే వచ్చిన. తెల్లారినకాంచి ఒక్కసారి గూడ మోగలే. నువ్వు గింతసేపు వంగకుండ ఉంటవా? నాకు నమ్మకం లేదు."

వీధి ఆడవాళ్లే సత్యమ్మను ఆటో ఎక్కించారు. దవాఖానలో చూసి, ఎముక విరగలేదని పట్టీ కట్టి పంపారు.

ఒంటిగంటకు బస్సు మళ్లీ బడి ముందు ఆగింది. శ్రీశైలం కిటికీలోంచి కండక్టరును చూసి లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల గూడ చెప్పులున్నయి సార్. పరేషాన్ గాకున్రి. అవ్వ కాలికి పట్టీ ఉన్నది గని, అరుగు మీద కూసొని బస్సుకు చెయ్యి ఊపింది."

శ్రీశైలం చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. దరఖాస్తు జేబులోనే ఉండిపోయింది. తర్వాత పక్క గదికి పోయి, అక్కడి మాస్టారిని అడిగి, ఆరో తరగతికి భిన్నాల పాఠం చెప్పాడు.

పద్దెనిమిది వేల పరికరానికి ఏడాది గ్యారంటీ ఉందట. తిమ్మమ్మ ఏ గ్యారంటీ ఇవ్వలేదు. చాయిలో చక్కెర మాత్రం పెంచమంది.